పాత కార్బొరేటర్ కారు: సెల్ఫ్‌కి పట్టకపోతే, స్లోలో నిలవకపోతే

పొట్టంగి, సెమిలిగుడ వైపు డిసెంబరు చలిలో బ్యాటరీ దిగిపోయేదాకా సెల్ఫ్ కొట్టినా పట్టని బండి ఒకటి. మే నెల ఎండలో రాయగడ బజార్లో పావుగంట ఆపితే మళ్లీ లేవని బండి ఒకటి. సాలూరులో బాగానే ఉండి, సుంకి ఘాట్ ఎక్కి కోరాపుట్ చేరేసరికి స్లోలో (యాక్సిలరేటర్ వదిలాక ఇంజన్ నెమ్మదిగా నడిచేటప్పుడు, అంటే ఐడ్లింగ్‌లో) దడదడలాడి ఆగిపోయే బండి ఇంకొకటి. మూడింటికీ మన దగ్గర జరిగే మొదటి వైద్యం ఒక్కటే. బానెట్ ఎత్తి, గాలిలో పెట్రోలు కలిపే కార్బొరేటర్ స్క్రూ తిప్పడం.

అది ఆఖరున ముట్టుకోవాల్సిన స్క్రూ. బండి స్లోలో ఉన్నప్పుడు వెళ్లే పెట్రోలుని మాత్రమే అది సర్దుతుంది. ప్లగ్గులో కరెంటు బలహీనంగా ఉన్నా, ఎక్కడో గాలి లీకవుతున్నా ఆ స్క్రూ తిప్పితే లోపం ఒకటి రెండు రోజులు కనిపించకుండా పోతుంది, అంతే. తరవాత పాత లోపానికి తోడు తప్పుడు సెట్టింగ్ కూడా వచ్చి చేరుతుంది. అందుకే ఇక్కడ వరస ముఖ్యం: బ్యాటరీ, కరెంటు, పెట్రోలు, చోక్ (చల్లటి ఇంజన్‌కి పెట్రోలు పాలు పెంచేది), గాలి లీకులు, స్లో జెట్ (స్లోలో పెట్రోలు వెళ్లే సన్న రంధ్రం), ఆ తరవాతే స్క్రూ. మారుతి 800, ఓమ్ని, జిప్సీల్లో ఇంజెక్షన్ రాకముందు వచ్చినవాటికి, ప్రీమియర్ పద్మినికి, పెట్రోలు అంబాసిడర్‌కి ఇదే వరస పనికొస్తుంది.

పని మొదలుపెట్టే ముందు ఒక మాట. తెరిచిన కార్బొరేటర్ దగ్గర బీడీ, సిగరెట్, అగ్గిపుల్ల ఉండకూడదు. పొడి పౌడర్ ఫైర్ ఎక్స్‌టింగ్విషర్ చేతికందేలా పెట్టుకోండి. పెట్రోలు మంట మీద నీళ్లు పోస్తే మంట పాకుతుంది.

సెల్ఫ్ ఎలా తిరుగుతోంది

కీ తిప్పగానే టక్ మని ఊరుకుంటే, లేదా ఇంజన్ బరువుగా నెమ్మదిగా తిరిగితే, కార్బొరేటర్ సంగతి మరిచిపోండి. సెల్ఫ్ నీరసంగా తిరిగితే ప్లగ్గులకి హై ఓల్టేజీ తయారుచేసే కాయిల్‌కి కూడా ఓల్టేజీ చాలదు, స్పార్క్ చచ్చుగా వస్తుంది. రాత్రంతా ఆగి ఉన్న బ్యాటరీ మీద మల్టీమీటర్ 12.6 ఓల్టుల దగ్గర చూపిస్తే నిండుగా ఉన్నట్టు, 12.2 అంటే సగం. సెల్ఫ్ తిరుగుతుండగా 9.6 కన్నా కిందకి పడితే బ్యాటరీ అయినా అయిపోయింది, సెల్ఫ్ మోటారైనా ఎక్కువ లాగుతోంది.

బ్యాటరీ కొత్తదైనా ఇదే బాధ ఉంటే ఎర్త్ చూడండి. ఇంజన్‌కీ బాడీకీ మధ్య ఉండే అల్లిక తీగ తుప్పుపట్టడం బరంపురం, ఇచ్ఛాపురం లాంటి ఉప్పుగాలి ఊళ్లలో మామూలు. మల్టీమీటర్ ఒక కొన బ్యాటరీ మైనస్ కొమ్ముకి, రెండోది ఇంజన్ బ్లాక్ మీద శుభ్రమైన ఇనుముకి ఆనించి సెల్ఫ్ కొట్టించండి. అర ఓల్టు కన్నా ఎక్కువ కనిపిస్తే ఆ దారిలో ఎక్కడో తుప్పు ఉంది. టెర్మినల్స్ మీద తెల్లటి, పచ్చటి పొట్టు కడితే తినే సోడా కలిపిన వేడినీళ్లతో కడిగి, ఆరబెట్టి, బిగించాక పైన వ్యాజిలిన్ రాయండి. బిగించకముందు కాదు.

సెల్ఫ్ ఒకసారికి పది సెకన్లకి మించి కొట్టకండి. మధ్యలో అరనిమిషం వదలండి.

కరెంటు

సెల్ఫ్ హుషారుగా తిరిగి బండి పట్టకపోతే ముందు స్పార్క్. ఒక ప్లగ్ వైరు ఊడదీసి, దానికి మంచి పాత ప్లగ్ ఒకటి తగిలించి, ఆ ప్లగ్ ఒంటిని ఇంజన్ ఇనుముకి గట్టిగా ఆనేలా క్లిప్పుతో కట్టండి. అసలు ప్లగ్గుని దాని గుంతలోనే ఉండనివ్వండి. లేకపోతే ఆ రంధ్రంలోంచి పెట్రోలు ఆవిరి స్పార్క్ మీదకి కొడుతుంది. సెల్ఫ్ కొడితే నీలంగా, చిటచిటమని శబ్దంతో స్పార్క్ రావాలి. పసుపుగా, సన్నగా, అప్పుడప్పుడూ వస్తే రానట్టే లెక్క. వైరు చేత్తో పట్టుకుని చూసే అలవాటు మానుకోండి, ముఖ్యంగా ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ ఉన్న బండ్లలో.

స్పార్క్ లేకపోతే 12 ఓల్టుల టెస్ట్ ల్యాంప్ చాలు. కీ ఆన్ చేసి కాయిల్ ప్లస్ దగ్గర పెట్టండి. వెలగకపోతే కీ స్విచ్, ఫ్యూజు, వైరింగ్. వెలిగితే ల్యాంపుని కాయిల్ మైనస్‌కి మార్చి సెల్ఫ్ కొట్టించండి. పాయింట్ల బండిలో, అంటే ప్లగ్గులకి కరెంటు పంచే డిస్ట్రిబ్యూటర్‌లో కలుస్తూ విడిపోతూ కాయిల్ కరెంటుని తెంచే కాంటాక్టులున్న బండిలో, దీపం మినుకుమినుకుమనాలి. వెలుగుతూనే ఉంటే పాయింట్లు కలవడం లేదు, లేదా వాటి మీద మసి పేరుకుంది. అసలు వెలగకపోతే పాయింట్లు విడిపోవడం లేదు, లేదా పాయింట్లకి తగిలించిన కండెన్సర్ షార్ట్, లేదా కాయిల్ లోపలి చుట్ట తెగింది. కండెన్సర్ వైరు తీసి మళ్లీ చూస్తే అనుమానం తీరిపోతుంది.

పాయింట్ల మధ్య సందు ఫీలర్ గేజ్‌తోనే పెట్టాలి. అంబాసిడర్ 1489 సీసీ ఇంజన్‌కి లూకాస్ డిస్ట్రిబ్యూటర్‌లో అది 0.35 నుంచి 0.40 మి.మీ. డిస్ట్రిబ్యూటర్ లోపలి క్యామ్ ముక్కు పాయింటుని పూర్తిగా తెరిచిన చోట ఇంజన్‌ని ఆపి కొలవాలి. ముక్కు ఒక మిల్లీమీటరు పక్కనుంటే కొలత తప్పు. కొత్త పాయింట్ల మీద పల్చటి నూనె పూత ఉంటుంది, దాన్ని పెట్రోలు గుడ్డతో తుడవకపోతే కొత్తవి బిగించాక కూడా బండి పట్టదు. సందు పెంచితే పాయింట్ ముందుగా విడిపోతుంది, టైమింగ్, అంటే స్పార్క్ పడే సమయం, ముందుకి జరుగుతుంది. కాబట్టి పాయింట్ సర్దిన ప్రతిసారీ టైమింగ్ మళ్లీ చూడాలి, అటూ ఇటూ తిప్పి చూడ్డం కుదరదు. పాయింట్లు నెలలోపే కాలి గుంటలు పడుతుంటే తప్పు వాటిది కాదు, కండెన్సర్‌ది.

ఒక లక్షణం మాత్రం చూడగానే చెప్పేయొచ్చు. సెల్ఫ్ తిరుగుతున్నంతసేపూ బండి పట్టి, కీ వదలగానే టక్కున ఆగిపోతుంటే అది పెట్రోలు జబ్బు కాదు. కాయిల్‌కి ఓల్టేజీ తగ్గించే బలాస్ట్ రెసిస్టర్ ఉన్న బండిలో ఆ రెసిస్టర్ తెగింది, లేదా కీ స్విచ్‌లో రన్ పాయింట్ పోయింది. దారిలో ఆగిపోయి, రెసిస్టర్‌ని తప్పించి నేరుగా 12 ఓల్టులిచ్చి ఇల్లు చేరొచ్చు గానీ అలాగే వదిలేస్తే కాయిల్ కాలిపోతుంది.

గుణుపూర్, పర్లాకిమిడి వైపు వానాకాలంలో పొద్దున్న పట్టని బండ్లలో చాలావాటికి డిస్ట్రిబ్యూటర్ మూత లోపల చెమ్మే కారణం. మూత తీసి లోపల పొడి గుడ్డతో తుడవండి. నల్లటి వెంట్రుకలాంటి గీత ఒక కాంటాక్టు నుంచి ఇంకోదానికి పాకి ఉంటే అది మసి కాదు, కరెంటు పారిన దారి. ఆ మూత మార్చాల్సిందే. ప్లగ్ వైర్లని చీకటి పడ్డాక, ఇంజన్ నడుస్తుండగా బానెట్ ఎత్తి చూడండి. ఇన్సులేషన్ పగిలిన చోట నీలి మెరుపులు కనిపిస్తాయి.

తీసిన ప్లగ్గులు పారేయకుండా ముందు చదవండి. ఇటుకరంగు లేదా లేత గోధుమరంగు సరైనది. పొడిగా నల్లటి మసి అంటే పెట్రోలు ఎక్కువ, లేదా చోక్ పూర్తిగా వదలడం లేదు. తెల్లగా సున్నం కొట్టినట్టుంటే గాలి ఎక్కువ. పెట్రోలుతో తడిస్తే స్పార్క్ రావడం లేదు, లేదా ఫ్లడ్ అయింది, అంటే పెట్రోలు మరీ ఎక్కువగా చేరింది. జిడ్డుగా నల్లనూనె ఉంటే రింగులు, వాల్వ్ సీళ్లు. ఒక్క ప్లగ్గే మిగతావాటికన్నా తేడాగా ఉంటే కార్బొరేటర్‌ని అనుమానించకండి, అది అన్ని సిలిండర్లకీ ఒకటే.

పెట్రోలు వస్తోందా

ఎయిర్ క్లీనర్ తీసి, ఇంజన్ ఆపి ఉండగా కార్బొరేటర్ గొంతులోకి చూస్తూ యాక్సిలరేటర్ లివర్ చేత్తో ఒక్కసారి లాగండి. సన్నటి పిచికారీ కనిపిస్తే ఫ్లోట్ గిన్నెలో (కార్బొరేటర్‌లో పెట్రోలు నిలిచే చోటు) పెట్రోలు ఉంది. కనిపించకపోతే గిన్నె ఎండిపోయి ఉండాలి, లేదా యాక్సిలరేటర్ పంపు డయాఫ్రం చిరిగి ఉండాలి. వారం పదిరోజులు కదలని బండికి గిన్నె ఎండిపోవడం జబ్బు కాదు. మెకానికల్ పంపు, అంటే మిస్త్రీలు ఏసీ పంపు అనేది, గిన్నె నింపేదాకా సెల్ఫ్ కాస్త ఎక్కువ కొట్టాలి. సీసాతో గొంతులోకి పెట్రోలు పోయకండి, వెనక్కి పేలి మంట లేచేది అలాంటప్పుడే. తప్పదనుకుంటే సిరంజితో 5 మి.లీ. కన్నా ఎక్కువ వద్దు. అది కూడా ఎయిర్ క్లీనర్ బిగించాకే సెల్ఫ్ కొట్టాలి.

గిన్నె నిండకపోతే కార్బొరేటర్ దగ్గర పైపు ఊడదీసి సీసాలో పెట్టి, కాయిల్ వైరు తీసేసి సెల్ఫ్ కొట్టించండి. ప్రతి పంపు దెబ్బకీ పెట్రోలు బలంగా చిమ్మాలి. నీరసంగా కారుతుంటే ట్యాంకు మూత వదులు చేసి మళ్లీ చూడండి. మూత తీయగానే గాలి బుస్సుమని లోపలికి వెళ్లి, ప్రవాహం బాగుపడితే మూతలో గాలి రంధ్రం మూసుకుపోయింది. అర్ధగంట నడిచాక ఆగిపోయి, పావుగంట నిలిపితే మళ్లీ పట్టే బండికి దీన్ని మొదట చూడాలి. ఆ తరవాత ఫిల్టరు. ఆ తరవాత ట్యాంకు నుంచి పంపు దాకా ఉన్న రబ్బరు పైపులు. ఇవి పీల్చే వైపు ఉంటాయి కాబట్టి పగిలినా బయటికి పెట్రోలు కారదు, లోపలికి గాలి లాగుతుంది. పైపు వంచి చూస్తే పగుళ్లు కనిపిస్తాయి.

డిప్‌స్టిక్ కూడా ఒకసారి తీసి వాసన చూడండి. ఆయిల్ మట్టం దానంతటదే పెరిగి పెట్రోలు వాసన వస్తుంటే పంపు డయాఫ్రం చిరిగి పెట్రోలు కింద ఆయిల్‌లోకి దిగుతోంది. ఆ బండిని ఒక్క కిలోమీటరు కూడా నడపకూడదు. పంపు మార్చి, ఆయిల్ కూడా మార్చాకే స్టార్ట్ చేయాలి.

పాత రబ్బరుకి ఇప్పుడు ఇంకో శత్రువు తోడైంది. బంకుల్లో దొరుకుతున్న పెట్రోలులో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటోంది. అది పాత రకం రబ్బరుని ఉబ్బించి, మెత్తబరిచి, తరవాత పెళుసు చేస్తుంది. పైపులు, పంపు డయాఫ్రం, యాక్సిలరేటర్ పంపు డయాఫ్రం, గిన్నెలోకి వచ్చే పెట్రోలుని ఆపే నీడిల్ కొనలోని రబ్బరు మార్చేటప్పుడు ఇథనాల్‌కి తట్టుకునే రకం అని అడిగి తీసుకోండి. పైపు మీద ఎస్.ఎ.ఇ. 30 ఆర్ 9 అని అచ్చు ఉంటే నిశ్చింత. ఇథనాల్ గాలిలోని తేమ కూడా పీలుస్తుంది. నీళ్లు ఒక మోతాదు దాటితే ఇథనాల్‌తో కలిసి విడిపోయి ట్యాంకు అడుగుకి చేరతాయి, పంపు లాగేది అక్కడినుంచే. వానాకాలంలో నెలల తరబడి ఆపిన బండి పట్టకపోతే ట్యాంకు అడుగు నుంచి గాజుసీసాలో కాస్త పట్టి నిలబెట్టండి. రెండు పొరలుగా విడిపోతే మొత్తం దించేయడమే. ఆపి ఉంచే బండికి ట్యాంకు నిండుగా ఉంచితే లోపల చెమ్మ పట్టడానికి చోటు తక్కువ.

చోక్: అన్ని బండ్లకీ ఒకే పద్ధతి కాదు

కార్బొరేటర్ గొంతు పైభాగంలో రేకు ఉన్న బండ్లకి, అంటే మారుతి 800 లాంటివాటికి, చల్లగా ఉన్నప్పుడు చోక్ పూర్తిగా లాగి, యాక్సిలరేటర్ ఒకటి రెండుసార్లు తొక్కి వదిలి సెల్ఫ్ కొట్టాలి. పద్మిని, అంబాసిడర్లలో వచ్చిన సోలెక్స్ కార్బొరేటర్లలో మరో ఏర్పాటు ఉంటుంది. చోక్ లాగితే గొంతులో ఏ రేకూ కదలదు, కార్బొరేటర్ పక్కన ఒక లివర్ తిరిగి లోపల చిన్న డిస్కు తెరుచుకుంటుంది. అదొక చిన్న కార్బొరేటర్ అనుకోండి. థ్రాటిల్ (యాక్సిలరేటర్ తొక్కితే తెరుచుకునే రేకు) మూసి ఉంటేనే దానికి పీల్పు అందుతుంది. ఈ రకం బండిలో చోక్ లాగి యాక్సిలరేటర్ కూడా తొక్కితే ఆ పీల్పు పోయి పెట్రోలు రాదు. కాలు పక్కన పెట్టి సెల్ఫ్ కొట్టాలి. మారుతి నడిపి అలవాటైనవారు పద్మిని తీసుకుంటే మొదటి చలికాలం ఇక్కడే ఇబ్బంది పడతారు.

ఎయిర్ క్లీనర్ తీసి ఒకరు చోక్ లాగుతుంటే ఇంకొకరు చూడండి. రేకు ఉన్న బండిలో అది సందు లేకుండా మూసుకోవాలి, నాబ్ తోస్తే నిట్టనిలువుగా తెరుచుకోవాలి. చలికి పట్టని బండ్లలో కేబుల్ క్లాంపు జారి రేకు ముప్పావు వంతే మూసుకోవడం తరచూ కనిపిస్తుంది. కోరాపుట్ చలిలో కూడా పట్టాక ఒకటి రెండు నిమిషాల్లో చోక్ మెల్లగా వదిలేయగలగాలి. పది కిలోమీటర్లు వెళ్లినా సగం చోక్ లేకుండా నడవకపోతే ఆ బండి గాలి ఎక్కువై బాధపడుతోంది. దాని సంగతి కింద చూద్దాం.

ఫ్లడ్ అయితే, అంటే పెట్రోలు వాసన గుప్పుమని కొడుతుంటే, చోక్ పూర్తిగా తోసేసి యాక్సిలరేటర్ అడుగంటా తొక్కి అలాగే పట్టుకుని సెల్ఫ్ కొట్టండి. పంపింగ్ వద్దు. తొక్కిన ప్రతిసారీ ఇంకాస్త పెట్రోలు పోస్తున్నట్టే. అప్పటికీ పట్టకపోతే ప్లగ్గులు తీసి ఆరబెట్టి, కాయిల్ వైరు తీసేసి, ప్లగ్గుల్లేకుండా నాలుగైదు సెకన్లు తిప్పి ఆవిరి పోగొట్టండి.

వేడి మీద పట్టకపోతే

ఘాట్ ఎక్కి పైన టీ కొట్టు దగ్గర ఆపిన బండి ఇరవై నిమిషాల తరవాత పట్టకపోవడానికి రెండు కారణాలు, రెండూ ఒకదానికొకటి ఎదురు. ఒకటి, ఇంజన్ వేడికి గిన్నెలో పెట్రోలు మరిగి మ్యానిఫోల్డ్‌లోకి, అంటే సిలిండర్లకి వెళ్లే గొట్టంలోకి, పొంగింది. బానెట్ ఎత్తగానే వాసన వస్తుంది. దీనికి పైన చెప్పిన ఫ్లడ్ పద్ధతే, చోక్ లాగితే చెడుతుంది. రెండోది వేపర్ లాక్. పంపులో, పైపులో పెట్రోలు ఆవిరై పంపు ఉత్తిగాలి తోస్తోంది. గొంతులో పిచికారీ రాదు, వాసనా ఉండదు. బానెట్ తెరిచి, పంపు మీద, పైపు మీద తడిగుడ్డ వేసి పది నిమిషాలు ఆగండి. ఎగ్జాస్ట్ మ్యానిఫోల్డ్ మీద మాత్రం నీళ్లు పడకూడదు, కాలిన పోత ఇనుము పగులుతుంది.

ఇది మళ్లీ మళ్లీ జరిగితే కార్బొరేటర్‌కీ మ్యానిఫోల్డ్‌కీ మధ్య ఉండాల్సిన మందపాటి నల్లటి ఇన్సులేటర్ ముక్క ఉందో లేదో చూడండి. ఏదో రిపేరులో దాన్ని తీసి పక్కన పడేసి, ఒట్టి గాస్కెట్ వేసి బిగించిన బండ్లు ఉంటాయి. పెట్రోలు పైపు ఎగ్జాస్ట్‌కి ఆనుతోందా, వేడి రేకు ఊడిపోయిందా అన్నది కూడా అప్పుడే చూడాలి.

స్లోలో నిలవకపోతే

ఇక్కడ అట్టముక్క మంచి పరికరం. ఇంజన్ వేడెక్కాక ఎయిర్ క్లీనర్ తీసి, స్లోలో నడుస్తుండగా గొంతుని అట్టముక్కతో మెల్లగా సగం దాకా మూయండి. అరచేయి పెట్టకండి, వెనక్కి పేలితే కాలుతుంది. మూసేకొద్దీ ఇంజన్ నున్నగా, కాస్త వేగంగా నడిస్తే దానికి పెట్రోలు చాలడం లేదు. వెంటనే ముక్కి ఆగిపోతే పెట్రోలు ఎక్కువైంది. అసలు తేడా రాకుండా దడదడలాడుతూనే ఉంటే మళ్లీ కరెంటు వైపుకో, వాల్వుల వైపుకో వెళ్లాలి.

పెట్రోలు చాలడం లేదంటే ముందు వెతకాల్సింది గాలి లీకు. కార్బొరేటర్ దాటాక, ఎక్కడో సందులోంచి వచ్చే లెక్కలేని గాలి ఇది. కార్బొరేటర్ కింద గాస్కెట్, ఇన్సులేటర్, ఇన్‌టేక్ మ్యానిఫోల్డ్ గాస్కెట్, బ్రేకు సర్వోకి వెళ్లే లావుపాటి పైపు, క్రాంక్‌కేస్ నుంచి వచ్చే పీసీవీ పైపు, డిస్ట్రిబ్యూటర్ వాక్యూమ్ అడ్వాన్స్ పైపు. చిన్న స్ప్రే సీసాలో నీళ్లు, రెండు చుక్కల సబ్బు వేసి, కీళ్ల మీద మాత్రమే సన్నగా కొట్టండి. డిస్ట్రిబ్యూటర్ దగ్గరకి వెళ్లనీయకండి. నీళ్లు లోపలికి లాగి ఇంజన్ శబ్దం మారిన చోటే లీకు. కార్బొరేటర్ క్లీనర్ స్ప్రేతో ఇది ఇంకా స్పష్టంగా తెలుస్తుంది గానీ వేడి ఎగ్జాస్ట్ పక్కన అది కొట్టడం మంచిది కాదు. పైపులకి స్ప్రే అక్కర్లేదు, ఒక్కొక్కటే ప్లయర్స్‌తో గుడ్డ అడ్డం పెట్టి నొక్కండి. నొక్కగానే ఐడ్లింగ్ బాగుపడితే ఆ పైపులోనో దాని చివరో లోపం. వాక్యూమ్ అడ్వాన్స్ పైపుని నోటితో పీల్చి నాలుకతో మూయండి. నాలుకకి పట్టుకుని ఉండాలి, జారిపోతే డయాఫ్రం చిరిగింది.

కార్బొరేటర్ గాస్కెట్ లీకైతే నట్లు బలం పెట్టి బిగించే ప్రయత్నం చేయకండి. అల్యూమినియం అడుగు వంగిపోయి లీకు శాశ్వతం అవుతుంది. గాజుపలక మీద ఆనించి చూస్తే వంకర తెలుస్తుంది. గాజు మీద సన్నటి ఎమెరీ పేపరు పరిచి, ఎనిమిది అంకెలా తిప్పుతూ రుద్ది చదును చేయాలి, కొత్త గాస్కెట్ వేయాలి.

థ్రాటిల్ షాఫ్టుని పట్టుకుని పైకీ కిందికీ ఊపి చూడండి. కదలిక చేతికి తెలిసేంత ఉంటే, ఆ సందులోంచి ప్రతిసారీ వేరే మోతాదులో గాలి వెళుతుంది. ఈ బండి పొద్దున్న ఒకలా, సాయంత్రం ఒకలా ఐడ్లింగ్ ఇస్తుంది, ఏ స్క్రూతోనూ నిలవదు. లేతు ఉన్న వర్క్‌షాపులో బుష్ వేయించాలి, లేదా కార్బొరేటర్ మార్చాలి.

లీకు దొరక్కపోతే స్లో జెట్. కానీ అంతకుముందు ఒక్క సెకను పని ఉంది. మారుతి 800 లాంటి కార్బొరేటర్లకి పక్కన ఒక వైరుతో సోలినాయిడ్ ఉంటుంది. కీ ఆన్ చేయగానే టిక్‌మనాలి. టిక్‌మనకపోతే కార్బొరేటర్‌కి స్లో పెట్రోలు దారే మూసి ఉంది. యాక్సిలరేటర్ మీద కాలుంటే నడుస్తుంది, తీయగానే ఆగిపోతుంది. చాలాసార్లు వైరు ఊడిపోయి ఉండటమే కారణం. కార్బొరేటర్ అంతా విప్పి, కడిగి, బిగించాక ఆ వైరు వేలాడుతూ కనిపించడం కన్నా ముందే చూసుకోవడం మేలు.

స్లో జెట్ విప్పి ఆకాశం వైపు పట్టి చూడండి, గుండ్రటి చుక్కగా వెలుగు కనిపించాలి. కార్బొరేటర్ క్లీనర్‌లో నానబెట్టి, పంక్చర్ షాపు గాలి కొట్టించండి. స్టీలు తీగ, సూది దూర్చకండి. ఇత్తడి జెట్ రంధ్రం గీసుకుపోయి వెడల్పవుతుంది, ఆ తరవాత ఎప్పటికీ పెట్రోలు ఎక్కువే. గట్టిగా పట్టిన బంక వదలకపోతే గాలం దారం లాంటి నైలాన్ పోగు చాలు. విప్పేముందు ఫోను కెమెరాతో అన్ని వైపులా ఫోటోలు తీయండి. ఒకే సైజులో కనిపించే రెండు జెట్‌ల మీద అంకెలు వేరుగా ఉంటాయి, తారుమారైతే లోపం పట్టుకోవడం కష్టం.

ఇక పెట్రోలు ఎక్కువైన బండి: నల్లపొగ, మసిపట్టిన ప్లగ్గులు, కార్బొరేటర్ పక్కన తడి. ముందు ఎయిర్ క్లీనర్ చూడండి, దుమ్ముతో మూసుకుపోతే అదీ చోక్ లాగినట్టే. తరవాత నీడిల్ వాల్వ్. చిన్న చెత్త అడ్డుపడి ఉంటే స్క్రూడ్రైవర్ పిడితో గిన్నె మీద మెల్లగా తడితే జారిపోతుంది. మళ్లీ మళ్లీ వస్తే నీడిల్ సెట్ మార్చి, ముందున్న ఫిల్టర్ కూడా మార్చండి. ఫ్లోట్‌ని చెవి దగ్గర ఊపండి. లోపల పెట్రోలు గలగలమంటే రంధ్రం పడింది, మునిగిపోతోంది. ఇత్తడి ఫ్లోట్‌ని వేడినీళ్లలో ముంచితే బుడగలు వచ్చే చోటే రంధ్రం.

ఐడ్లింగ్ మరీ ఎక్కువగా ఉండి దిగకపోతే యాక్సిలరేటర్ కేబుల్ ఇరుక్కుందా, చోక్ తోసినా ఫాస్ట్ ఐడిల్ క్యామ్ వెనక్కి రాలేదా చూస్తే సరిపోతుంది. అవి బాగున్నా దిగకపోతే మళ్లీ గాలి లీకే.

ఇప్పుడు స్క్రూ

ఇంజన్ పూర్తిగా వేడెక్కాలి, చోక్ పూర్తిగా వదలాలి, లైట్లు ఆపాలి. మిక్స్‌చర్ స్క్రూని, అంటే స్లో పెట్రోలు సర్దేదాన్ని, ముందు మెల్లగా లోపలికి తిప్పుతూ ఎన్ని చుట్లకి ఆగిందో లెక్కపెట్టి కాగితం మీద రాసుకోండి. బిగించకండి, కొన మీద గాడి పడితే స్క్రూ పనికిరాదు. అక్కడినుంచి ఒకటిన్నర చుట్టు బయటికి తీసి స్టార్ట్ చేయండి. పావు చుట్టు చొప్పున తిప్పుతూ, ప్రతిసారీ పది సెకన్లు ఆగి వినండి. ఇంజన్ ఎక్కడ అన్నిటికన్నా వేగంగా, నున్నగా నడుస్తుందో అక్కడ ఆపి, స్పీడ్ స్క్రూతో వేగం తగ్గించండి. మళ్లీ మిక్స్‌చర్, మళ్లీ స్పీడ్. రెండు మూడు విడతల్లో కుదురుతుంది. పాత నాలుగు సిలిండర్ల బండ్లకి 700 నుంచి 850 ఆర్‌పీఎం, మారుతి 800కి 900 దరిదాపుల్లో ఉంచుకోవచ్చు. స్క్రూని పూర్తిగా లోపలికి తిప్పినా ఇంజన్ ఆగకపోతే స్పీడ్ స్క్రూ ఎక్కువ బిగించి ఉంది, లేదా ఎక్కడినుంచో పెట్రోలు కారుతోంది. వరసలో వెనక్కి వెళ్లండి.

థ్రాటిల్ దగ్గర అడుగున ఉండే స్క్రూ బయటికి తీస్తే సాధారణంగా పెట్రోలు పెరుగుతుంది. ఎస్.యు. కార్బొరేటర్ బిగించిన పాత బండికి ఈ లెక్క కుదరదు. దానికి కింద ఉన్న జెట్ నట్ పైకి తిప్పితే పెట్రోలు తగ్గుతుంది, కిందికి దించితే పెరుగుతుంది.

ఏ ఊళ్లో సెట్ చేస్తున్నారన్నది కూడా లెక్కలోకి వస్తుంది. కోరాపుట్ సముద్రమట్టానికి దాదాపు 900 మీటర్ల ఎత్తున ఉంది. ఆ ఎత్తుకి గాలి సాంద్రత సుమారు 8 శాతం తగ్గుతుంది, కార్బొరేటర్ ఇచ్చే మిశ్రమం 4 శాతం దాకా చిక్కబడుతుంది, అంటే పెట్రోలు పాలు పెరుగుతుంది. విజయనగరంలో చక్కగా పెట్టించుకొచ్చిన స్లో ఇక్కడ కాస్త దిగి, ప్లగ్గులు నల్లబడేది అందుకే. ఇథనాల్ మాత్రం ఎదురుదిక్కుకి లాగుతుంది. ఒట్టి పెట్రోలు ఒక పాలు మండటానికి 14.7 పాళ్ల గాలి కావాలి. 20 శాతం ఇథనాల్ కలిస్తే 13.5 చాలు. పాత పెట్రోలుకి పెట్టిన జెట్‌లతో ఈ పెట్రోలు పోస్తే మిశ్రమం సుమారు 8 శాతం పలచబడినట్టు. కాబట్టి పదేళ్ల కింద పెట్టిన సెట్టింగ్ కొండ మీద ఇప్పుడు కొంత సరిపోవచ్చు, కింద మైదానంలో అదే బండి చలికి పట్టక, స్లోలో ఊగుతూ ఉండొచ్చు. బండి రోజూ ఎక్కడ తిరుగుతుందో అక్కడే, ఇప్పుడు పోస్తున్న పెట్రోలుతోనే సెట్ చేయించండి. వారానికోసారి సాలూరు దిగి వచ్చే బండికి స్క్రూ ఆఖరి ఎనిమిదో వంతు చుట్టు పెట్రోలు వైపు ఉంచడం మంచిది. పలచటి మిశ్రమంతో ఘాట్ ఎక్కితే ఇంజన్ వేడెక్కుతుంది.

ఇవన్నీ బాగున్నా దడదడ పోకపోతే

ఏ సిలిండర్ పనిచేయడం లేదో పట్టుకోండి. ఇంజన్ ఆపి ఒక ప్లగ్ వైరు తీసి, కొనకి పాత ప్లగ్ తగిలించి ఎర్త్ చేసి, స్టార్ట్ చేసి వినండి. తరవాత అది పెట్టేసి రెండోది. ఏ వైరు తీసినప్పుడు శబ్దంలో మార్పు రాదో ఆ సిలిండర్ చచ్చింది. ఆ సిలిండర్‌కి ప్లగ్, వైరు మార్చినా అంతేనైతే వాల్వ్ క్లియరెన్స్, అంటే వాల్వ్ కొనకీ దాన్ని తోసే రాకర్‌కీ మధ్య సందు, చూడాలి. అంబాసిడర్ 1489 సీసీ ఇంజన్‌కి అది 0.38 మి.మీ. వాల్వ్ టైటుగా ఉంటే టక్‌టక్ శబ్దం రాదు కాబట్టి ఎవరూ పట్టించుకోరు, ఎగ్జాస్ట్ వాల్వ్ కాలేది ఆ నిశ్శబ్దంలోనే.

చివరిగా సిలిండర్‌లో ఒత్తిడి కొలిచే కంప్రెషన్ గేజ్. ఇంజన్ వేడి మీద, ప్లగ్గులన్నీ తీసి, కాయిల్ వైరు తీసి, యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి పట్టుకుని ఒక్కో సిలిండర్ కొలవండి. అన్నిటికన్నా ఎక్కువ చూపిన సిలిండర్‌కీ తక్కువ చూపినదానికీ మధ్య తేడా 15 శాతం దాటితే, తక్కువ ఉన్న సిలిండర్‌లో చెంచాడు ఇంజన్ ఆయిల్ పోసి మళ్లీ కొలవండి. అంకె బాగా పెరిగితే రింగులు అరిగాయి, పెరగకపోతే వాల్వులు కాలాయి లేదా హెడ్ గాస్కెట్ పోయింది. పక్కపక్కనున్న రెండు సిలిండర్లూ ఒకేలా తక్కువ చూపిస్తే గాస్కెట్ ఆ రెండింటి మధ్యే పోయిందని హెడ్ విప్పకముందే మిస్త్రీకి చెప్పొచ్చు.